రెండు పొరల సంచి

“రెండు వేళ్ళతో అంచు పట్టుకో. నెమ్మదిగా పైకి లాగు. పిండకమ్మా, పిండకు!”

తాతయ్య చెప్పేలోపే బిందు పిండేసింది. దూది పరుపులోంచి మట్టిరంగు నీళ్ళు కారి మళ్ళీ ట్యాంకులోకే పోయాయి.

“అయ్యో!” అంది బిందు. మోచేతి దాకా తడిసిపోయింది. గౌను ముందు భాగం కూడా తడిసింది.

“పర్లేదు. రేపు పిండవుగా,” అన్నారు తాతయ్య.

బిందు వాళ్ళ తాతయ్య ఏసుదాసు మాస్టారు అమలాపురంలో ముప్ఫై ఏళ్ళు జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మనుషుల పిల్లల్ని వదిలేసి ఇప్పుడు చేపల్ని పట్టుకున్నారని బిందు వాళ్ళ మామ్మ సూరమ్మ అంటూ ఉంటుంది. హాల్లో ఐదడుగుల పొడుగు గాజు ట్యాంకు. అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళు, రాళ్ళ మీద పగడాలు, ఆ పగడాల మధ్య ఇరవైమూడు చేపలు.

నిజానికి ఆ ట్యాంకుకి పది చేపలు చాలు. కానీ మాస్టారికి కాదనడం చేతకాదు. ఊళ్ళో ఎవరికి చేపల మీద మోజు తీరిపోయినా, వాటిని బకెట్లో వేసుకుని తిన్నగా ఈ ఇంటికే వచ్చేస్తారు. “ఇదొక్కటే మాస్టారండీ,” అంటారు. ఆయన బకెట్లోకి తొంగి చూస్తారు. అంతే, చూశాక ఇంకేం వద్దంటారు?

అన్ని చేపలుంటే అంత మేత వెయ్యాలి. అంత మేత వేస్తే అంత మురికీ వస్తుంది. అందుకని ట్యాంకు కింద చెక్క అల్మారాలో ఇంకో చిన్న ట్యాంకు ఉంది. పై నీళ్ళు పైపులోంచి జలజలమంటూ వచ్చి ఒక తెల్లటి దూది పరుపు మీద పడతాయి. మురికి దూదిలో చిక్కుకుంటుంది. నీళ్ళు కిందికి దిగుతాయి. మోటారు వాటిని మళ్ళీ పైకి పంపుతుంది. పొద్దున తెల్లగా ఉన్న దూది మర్నాటికి పొయ్యి తుడిచిన గుడ్డలా తయారవుతుంది. రోజూ ఆరు గంటలకి తాతయ్య దాన్ని తీసి, కొత్తది పెడతారు.

రేపు సోమవారం ఆయన కాకినాడ వెళ్తున్నారు. కంటికి శుక్లం ఆపరేషను. మొత్తం పది రోజులు అక్కడే, బిందు వాళ్ళ సుప్రియ అత్త ఇంట్లో ఉండాలి. అందుకే ఈ ఆదివారం మధ్యాహ్నం బిందుకి ఈ పాఠం.

“బిందూ, ఇలా రా. దీని చివర్లు ఏ రంగులో ఉన్నాయి?” అన్నారు తాతయ్య, ముక్కు గాజుకి ఆనించి.

ఆయన అడుగుతున్నది మధ్యలో ఉన్న పగడం గురించి. తొమ్మిదేళ్ళ కిందట బొటనవేలంత ముక్కగా తెచ్చారు. ఇప్పుడు దానికి ఆరు తలలు. ఒక్కో తలకీ చిటికెన వేళ్ళలాంటి పొడుగు వేళ్ళు బోలెడు. నీళ్ళు కదిలితే అవీ ఊగుతాయి.

“వంగపండు రంగు తాతయ్యా.”

“నిజంగానా? నాకు రెండేళ్ళ నుంచీ బెల్లం పాకంలా కనపడుతోందే. అన్నీ బెల్లం పాకమే!” ఆయన నవ్వారు. తరవాత మెల్లగా అన్నారు. “దీన్ని ఫోన్లో చూడను. వీడియోలూ గీడియోలూ పెట్టకండి. ఇంటికొచ్చేక కొత్త కంటితో ముందు దీన్నే చూస్తాను.”

“నలభై ఏళ్ళు కాపరం చేసిన నన్ను కాదన్నమాట,” అంది మామ్మ వంటింట్లోంచి.

“నువ్వు బెల్లం రంగులో కూడా బానే ఉన్నావులే!”

బిందు పకపకా నవ్వింది. తాతయ్య ఒక అట్టపెట్టె ఆమె ముందు పెట్టారు. అందులో పెద్ద పెద్ద బెజ్జాల స్పాంజి ఒకటి, తెల్ల దూది చుట్ట ఒకటి ఉన్నాయి.

“పైపు కింద ఏం పెడతావో నువ్వే ఎంచుకో. ఈ పది రోజులూ ట్యాంకు నీది.”

“నేనే ఎంచుకోవాలా?”

“మరి తీసి కడిగేది నువ్వే కదా,” అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే మంగరాజు కారు తీసుకుని వచ్చాడు. అతను ఒకప్పుడు తాతయ్య దగ్గర చదువుకున్నాడు. ఇప్పుడు ముమ్మిడివరంలో రొయ్యల చెరువులు చేస్తున్నాడు. మాస్టారికి ఆపరేషనంటే తనే కాకినాడ దింపుతానని పట్టుబట్టాడు. తోడుగా బిందు వాళ్ళ నాన్న వెళ్తున్నాడు.

సామాన్లు సర్దుతుంటే బిందు అరుగు మీద కూర్చుని స్పాంజినీ దూదినీ మార్చి మార్చి చూసుకుంటోంది. మంగరాజు సంగతేమిటని అడిగాడు. విని, కారు డిక్కీలోంచి తెల్లటి నైలాన్ గుడ్డ ముక్క ఒకటి తెచ్చాడు. పట్టులా జారుతోంది.

“కాలవ నీళ్ళు చెరువులోకి తోడేటప్పుడు పైపు మూతికి దీంతోనే సంచి కడతామమ్మా. నీళ్ళు దిగుతాయి గానీ, చెరువులో చేరకూడని కలుపు చేపల గుడ్డు కూడా దూరదు.”

“గుడ్డు కూడానా అంకుల్?”

“ఆయ్! గుడ్డు కూడా. కాకపోతే రోజూ దాన్ని తిరగేసి...”

మిగతా మాట వినడానికి బిందు అక్కడ లేదు. గుడ్డ పట్టుకుని అప్పుడే వంటింట్లోకి పరిగెత్తింది. “తిరగేసి జాడించాలమ్మా,” అని మంగరాజు ఖాళీ అరుగుకి చెప్పి, వెళ్ళి కారెక్కాడు.

సాయంత్రం బడి నుంచి రాగానే మామ్మ చేత సంచి కుట్టించింది బిందు.

“ఒక పొర చాలదూ? రెండెందుకే?” అంది మామ్మ సూదిలోకి దారం ఎక్కించలేక.

“ఒక పొరే అంత మంచిదైతే, రెండు పొరలు ఇంకా మంచిది కదా మామ్మా.”

“నీ రెండు పొరలు కుట్టేసరికి నన్ను కూడా కాకినాడ తీసుకెళ్ళాలి.”

బిందు పైకి చెప్పని కారణం ఇంకొకటి ఉంది. సంచి పెద్దది. పది రోజుల మురికి దాన్లో హాయిగా పడుతుంది. అప్పుడు ఆరింటికి లేవక్కర్లేదు. ఇది ఎవరికీ తోచని తెలివని ఆమెకి లోలోపల భలే గర్వంగా ఉంది. ఆ రాత్రే దూది తీసేసి, సంచిని పైపు కింద వేలాడగట్టింది.

మంగళవారం పొద్దున ట్యాంకు చూసి అమ్మ కూడా ఆగిపోయింది. నీళ్ళలో ఒక్క నలుసు లేదు. పక్కింటి దుర్గాశ్రీ వచ్చి నోరు తెరిచింది.

“నీళ్ళు లేవనుకున్నానే! చేపలు గాల్లో ఎగురుతున్నట్టున్నాయి.”

“నేనే చేశాను,” అంది బిందు. దుర్గాశ్రీకి చూపించడానికి ఇంకో గుప్పెడు మేత వేసింది. ఇరవైమూడు చేపలూ ఒక్కసారి పైకి ఎగబడ్డాయి. అల్మారాలో నీళ్ళ జలజలతో సహా అమ్మ పాత ఫోన్లో వీడియో కూడా తీసుకుంది.

ఆ రోజు సాయంత్రం ఆపరేషను బాగా జరిగిందని తాతయ్య ఫోను చేశారు. ఆయన గొంతు హుషారుగా ఉంది.

“ఫోను పైపు దగ్గర పెట్టమ్మా. నీళ్ళు వింటాను.”

బిందు అల్మారా తలుపు తీసి ఫోను లోపలికి పెట్టింది. జలజలా జలజలా నీళ్ళు పడుతున్నాయి.

“ఆహా,” అన్నారు తాతయ్య. “మనింట్లో ఉన్నట్టుంది.”

బుధవారం బిందు ఏడింటిదాకా పడుకుంది. ట్యాంకు తళతళలాడుతూనే ఉంది. గురువారం బడికి వెళ్తూ అల్మారా తలుపు తీసి చూసింది. సంచి ఉబ్బిపోయి గుమ్మడికాయలా వేలాడుతోంది. నీళ్ళు గుడ్డలోంచి దిగడం మానేసి, సంచి పైఅంచు మీంచి పొర్లిపోతున్నాయి. పైపు మూతి ఆ నీళ్ళలో మునిగిపోయింది.

తియ్యాలి అనుకుంది బిందు. కానీ ఆటో హారను కొడుతోంది. సాయంత్రం చూద్దాం అనుకుంది. సాయంత్రం హోమ్‌వర్కు ఉంది. అదయ్యేసరికి తాతయ్య ఫోను వచ్చింది. ఆయన అడిగితే ఫోను పైపు దగ్గర పెట్టింది.

“నీళ్ళ గొంతు మారిందేమే? గుళక్ గుళక్‌మంటున్నాయి.”

బిందు ఫోను వెనక్కి లాగేసి అల్మారా తలుపు మూసింది.

“రోజూ తీసి కడుగుతున్నావా?”

“ఆయ్ తాతయ్యా. కడుగుతున్నాను.”

ఆ మాట దానంతటదే వచ్చేసింది. రేపు తప్పకుండా కడిగేస్తానుగా, అప్పుడిది అబద్ధం కాదుగా, అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

శుక్రవారం సంచి ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. జిగురుగా ఉంది. వాసన వస్తోంది. తీస్తే ఆ మురికంతా ఎక్కడ ఒలికిపోతుందోనని భయం. అమ్మని పిలిస్తే, ఇన్ని రోజులూ తియ్యలేదా అంటుంది. తలుపు మూసేసింది.

శనివారం మధ్యాహ్నం మామ్మ ముక్కు మూసుకుని ఇల్లంతా తిరిగింది.

“ఎలకేదో చచ్చినట్టుందే ఝాన్సీ!” అని బిందు వాళ్ళమ్మని పిలిచి, బీరువా వెనకా మంచం కిందా వెతికించింది. ఎలక దొరకలేదు.

బిందు ట్యాంకు దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు ఇప్పుడు కొంచెం పచ్చగా ఉన్నాయి. చేపలు మేత కోసం పైకి రాలేదు. మధ్యలో ఉన్న పగడం కేసి చూసింది. ఆరు తలలూ వేళ్ళన్నీ లోపలికి లాగేసుకున్నాయి. ఒక్క వేలు కూడా ఊగడం లేదు. వంగపండు రంగు ఎక్కడా లేదు. ముడుచుకున్న పిడికిళ్ళలా ఉన్నాయి అన్నీ.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

“ఏమ్మా, నీళ్ళు వినిపిస్తావా?” అన్నారు తాతయ్య.

ఆ గుళక్ గుళక్ వినిపిస్తే తాతయ్యకి అంతా తెలిసిపోతుంది. చుట్టూ చూసింది. టేబుల్ మీద అమ్మ పాత ఫోను ఉంది. మంగళవారం తీసిన వీడియో అందులోనే ఉంది. అది పెట్టి, రెండు ఫోన్లనీ దగ్గరగా పట్టుకుంది.

జలజలా జలజలా.

“హమ్మయ్య!” అన్నారు తాతయ్య. “గురువారం ఆ చప్పుడు విన్నాక రెండు రోజుల్నుంచీ మనసు మనసులో లేదే. ఇప్పుడు బావుంది. ఉండు, అత్తకి వినిపిస్తాను. సుప్రియా! ఇలా రా. ఇది మా బిందు చూసుకుంటున్న ట్యాంకు.”

“ఎంత బావుందే!” అంది అత్త గొంతు. “నాన్నగారు నిన్ను పొగడని పూట లేదే ఇక్కడ.”

ఫోను పెట్టేశాక బిందు అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. తిట్టించుకుని ఉంటే బావుండేది అనిపించింది. తాతయ్య అంత సంతోషపడ్డారు, లేని నీళ్ళని విని. గురువారం ఇంటికొస్తారు. చెప్పులు విప్పి, తిన్నగా ఈ గాజు దగ్గరికే వస్తారు. కొత్త కంటితో ముందు దీన్నే చూస్తారు.

బిందుకి ఏడుపొచ్చింది. లేచి ఫోను తీసింది. కాకినాడ నంబరు నొక్కింది.

“తాతయ్యా, ఇందాక వినిపించినవి ఇవాళ్టి నీళ్ళు కాదు. మంగళవారంవి. వీడియో పెట్టాను.” ఇంకా ధైర్యం ఉండగానే మిగతాది కూడా గబగబా చెప్పేసింది. “సంచి ఒక్కసారి కూడా తియ్యలేదు. తీశానని అబద్ధం చెప్పాను. పగడం ముడుచుకుపోయింది.”



“అత్తకి కూడా వినిపించేనే,” అన్నారు తాతయ్య. కోపంగా కాదు. అందుకే బిందు వెక్కివెక్కి ఏడ్చింది.

“సరే, ఏడుపు తరవాత. ఇప్పుడు నీకు రెండు చేతులూ కావాలి. ఫోను మామ్మకియ్యి. అమ్మని పిలు.”

అమ్మ వచ్చింది. సంగతి విని బిందు కేసి ఒక్క చూపు చూసింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. మామ్మ ఫోను స్పీకరులో పెట్టి, సభలో మైకులా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

“ముందు సంచి,” అన్నారు తాతయ్య ఫోన్లోంచి. “కింద బకెట్టు పెట్టి అందులోకి దింపు. పిండకు.”

ఈసారి బిందు పిండలేదు. సంచి రెండు చేతుల్లోనూ బరువుగా దిగింది. కంపు ముక్కుపుటాల్ని అదరగొట్టింది. లోపల నల్లటి ముద్ద. ఐదు రోజుల మేత, ఐదు రోజుల రెట్ట, కుళ్ళి పేరుకుపోయి ఉన్నాయి.

“ఇదిగో మీ ఎలక!” అంది మామ్మ, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

తరవాత నీళ్ళు మార్చారు. సముద్రం గంట దూరంలోనే ఉన్నా, గోదావరి కలిసిన నీళ్ళు పగడాలకి పడవు. అందుకని శుద్ధి చేసిన నీళ్ళలో తాతయ్య ప్యాకెట్టు ఉప్పు కలిపి నీలం డ్రమ్ములో నిలవ ఉంచుతారు. అమ్మ గొట్టంతో ట్యాంకు నీళ్ళు తోడింది. బిందు చెంబుతో కొత్త నీళ్ళు పోసింది. ఎన్ని చెంబులు పోసిందో లెక్కలేదు. భుజాలు లాగేస్తున్నాయి. ఆగమని ఎవరూ అనలేదు, ఆమే ఆగలేదు.

అంతా అయ్యాక తాతయ్య అన్నారు. “ఇప్పుడు వినిపించు.”

మామ్మ ఫోను పైపు దగ్గర పెట్టింది. జలజలా జలజలా. ఇవి ఇవాళ్టి నీళ్ళే.

“తాతయ్యా, ఒకటడగనా?” అంది బిందు ముక్కు తుడుచుకుంటూ. “మూడు రోజులు నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో. సంచి మురికంతా పట్టేసింది కదా. మరెందుకిలా అయింది?”

“పట్టింది, నిజమే. పట్టి ఏం చేసింది?”

“దాన్లోనే ఉంచుకుంది.”

“మామ్మ టీ వడగట్టేక జల్లెడలో పొడి మిగులుతుంది కదా. ఆ పొడి పారెయ్యకుండా దాని మీంచే రోజంతా నీళ్ళు పోస్తే, కింద ఏం దిగుతుంది?”

“టీ నీళ్ళే దిగుతాయి.”

“మరి?”

బిందు బకెట్లో ఉన్న నల్లటి ముద్ద కేసి చూసింది. ట్యాంకులో నీళ్ళన్నీ ఐదు రోజులుగా దాని మీంచే వచ్చాయి. చేపలు అవే పీల్చాయి. పగడం వాటిలోనే నిలబడింది.

“మంగరాజు అంకుల్ చెరువుల్లో మరి?”

“వాడి పనివాళ్ళు రోజూ సంచి విప్పి జాడించి ఎండేస్తారమ్మా. మంచి గుడ్డే అది. గుడ్డ తప్పేం లేదు.” అన్నారు తాతయ్య. “ఇక రేపట్నుంచి ఏం పెడతావు?”

బిందు ఆశ్చర్యపోయింది. “ఇంకా నన్నే ఎంచుకోమంటున్నావా?”

“గురువారం దాకా ట్యాంకు నీదే కదా.”

బిందుకి మళ్ళీ ఏడుపొచ్చేలా ఉంది. దాన్ని మింగేసి అట్టపెట్టె తెచ్చుకుంది. ఈసారి ఏది ఎక్కువ తేటగా చేస్తుందని చూడలేదు. స్పాంజి చేతిలోకి తీసుకుని పిసికి చూసింది. దూది చించి చూసింది. బాగా ఆలోచించి చెప్పింది.

“పైన స్పాంజి పెడతాను. పెద్ద చెత్త దాన్లో ఆగుతుంది. కింద పల్చటి దూది. దూది రోజూ మారుస్తాను. స్పాంజి రోజు మార్చి రోజు కడుగుతాను.”

“మరీ సన్న మురికి జారిపోతుందేమో?”

“కొంచెం జారితే జారుతుంది. కానీ రోజూ నేను తియ్యగలను తాతయ్యా. తలుపు తియ్యగానే ఎంత మురికి పట్టిందో కనపడుతుంది కూడా.”

“అలాగే కానీ,” అన్నారు తాతయ్య.

ఆదివారం చర్చికి వెళ్ళేముందే, ఆరింటికి బిందు దూది మార్చింది. సోమవారం బడికి ముందు మార్చింది. చలిగా ఉన్నా, నిద్ర కళ్ళ మీదే ఉన్నా మార్చింది. రోజూ సాయంత్రం ఫోను పైపు దగ్గర పెట్టేది. అంతకుముందే పగడం సంగతి చెప్పేసేది.

“ఇవాళ రెండు తలలు కొంచెం విచ్చుకున్నాయి.”

“ఇవాళ మూడు. చేపలు మేత తిన్నాయి.”

బుధవారం ఆమె గొంతు చిన్నదైపోయింది. “నాలుగు తలలు బాగా విచ్చుకున్నాయి తాతయ్యా. మిగతా రెండూ...” ఇంకా విచ్చుకోలేదు అనొచ్చు. అదీ నిజమే. కానీ బిందుకి తెలిసింది అది కాదు. “ఆ రెండూ చచ్చిపోయాయి. వేళ్ళు ఊడిపోయి, తెల్లగా రాయి కనపడుతోంది. నా వల్లే.”

“ఊఁ,” అన్నారు తాతయ్య. ఆ ఊఁలో బాధ ఉంది. ఆయన దాచలేదు. “పొద్దున వచ్చేస్తున్నాను. కారం దోసకాయ ముక్కలు చెయ్యమని మామ్మకి చెప్పు.”

గురువారం పదకొండింటికి కారు ఆగింది. తాతయ్యని చూడాలని బిందు ఆ పూట బడికి వెళ్ళలేదు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, నాన్న చెయ్యి పట్టుకుని తాతయ్య దిగారు. వెనకే మంగరాజు సంచులు మోసుకుంటూ వచ్చాడు. తాతయ్య చెప్పులు విప్పి తిన్నగా హాల్లోకి నడిచారు. ట్యాంకు ముందు నిలబడి కళ్ళద్దాలు తీశారు.



నాలుగు తలల వేళ్ళూ నీళ్ళలో మెల్లగా ఊగుతున్నాయి. పక్కనే రెండు తెల్లటి మోళ్ళు.

తాతయ్య చాలాసేపు చూశారు.

“వంగపండు రంగే!” అన్నారు చిన్నపిల్లాడిలా. “ఒరేయ్ మంగరాజూ, ఇలా చూడరా! లేత వంకాయ, చెట్టు మీద ఉన్నప్పటి రంగు!”

తరవాత తెల్లటి మోళ్ళ మీద గాజుకి ఇవతల నుంచే వేలు పెట్టారు. ఆ చెయ్యే తీసుకొచ్చి బిందు తల మీద వేశారు. బిందు ఆయన పొట్టకి మొహం ఆనించి గట్టిగా పట్టుకుంది.

“నన్ను చూసేదేమైనా ఉందా?” అంది గుమ్మంలోంచి మామ్మ.

“వస్తున్నానుండు. ఓయబ్బో, నీ జుట్టు ఇంత తెల్లబడిందా సూరమ్మా!”

“ఆ కన్ను బాగు చెయ్యకుండా ఉండాల్సింది,” అంది మామ్మ. అందరూ నవ్వేశారు.

మర్నాడు ఆరింటికి తాతయ్య వీధరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. వంగకూడదు, బరువులెత్తకూడదు అన్నారు డాక్టరు. ట్యాంకు ఇంకా బిందుదే. ఆమె ఒక స్టీలు పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని జాగ్రత్తగా నడిచి వచ్చింది. పళ్ళెంలో తడి దూది పరుపు. నిన్న పొద్దున తెల్లగా పెట్టింది. ఇప్పుడు మట్టిరంగులో ఉంది.

“ఓసి నీ ఇల్లు బంగారం గానూ!” అని అరిచింది మామ్మ. “కాఫీ తాగే మనిషి ముందు అదేవిటే! పైగా నా పళ్ళెం!”

బిందు పళ్ళెం తాతయ్య పక్కన అరుగు మీద పెట్టింది.

“నిన్నటి మురికి తాతయ్యా.”

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, కొత్త కంటితో దాన్ని పరీక్షగా చూశారు. ఒక మూల ఎర్రగా, మెత్తగా ముద్ద కట్టి ఉంది. ఆయన నోరు తెరిచి ఏదో అడగబోయారు.

“అది మేత,” అంది బిందు ఆయన అడగకముందే. “నిన్న నువ్వొచ్చావన్న సంతోషంలో రెండు చిటికెలు ఎక్కువ వేసేశాను. తినలేకపోయాయి. ఇవాళ పొద్దుటి మేత తగ్గించాను.”

తాతయ్య ఆమె కేసి చూశారు. పక్కకి జరిగి చోటిచ్చారు. బిందు ఆయన పక్కన కూర్చుంది.